తెరకు వీపు పెట్టిన చిచ్చా

మట్టెవాడలో మా పక్కింటి టైలర్ చిచ్చాకు ఒక కామెడీ సినిమా అంటే ప్రాణం. పేపరోళ్ళు దాన్ని చీల్చి చెండాడిండ్రు. జనం సగంలనే లేచిపోయిండ్రు. మూడోనాడు హాల్ల మనుషులు లేక మ్యాటినీ ఆపేస్తమన్నరు. చిచ్చా మిషన్ వదిలి బస్టాండుకు ఉరికి, నర్సంపేట బస్సు తప్పిపోయిన రైతులను వెంటబెట్టుకొచ్చిండు. నన్ను గూడ గుంజుకపోయిండు.

సినిమా మొదలైనంక ఆయన తెర దిక్కు చూడలే. అన్ని ఆటలూ చూసిండు గనుక సినిమా మొత్తం నోటికి వచ్చు. ముందు వరుసల కూసొని, వెనక్కి తిరిగి మా మొహాలే చూసిండు. ఎవరన్న నవ్వితే అది చూడాలని ఆయన ఆశ. ఒక్కరూ నవ్వలే.

"ఏముంది చిచ్చా దీంట్ల?" అని అడిగిన, బయటికొస్తూ.

"ఫికర్ చెయ్యకు. ఇంటికి పోయినంక నవ్వుతరు."

పత్తి ఏరే కాలం వచ్చింది. ఆ రైతుల్ల ఒకాయన దుకాణం వెతుక్కుంట వచ్చిండు. కుట్టించుకునేందుకు గుడ్డ ఏం తేలే.

"అన్నా, మొన్న చేన్ల పత్తి ఏరుతుంటే, ఆ సినిమాల పెండ్లికొడుకు గొడుగు కోసం మళ్ళొచ్చే సీను యాదికొచ్చింది. ఒక్కన్నే పడి పడి నవ్విన. మా ఇంటామె భయపడ్డది."

చిచ్చా మిషన్ తొక్కుడు ఆపలే.

"నీకు జర లేటైంది," అన్నడు. "కూసో. మిగిలినోళ్ళు గూడ వస్తరు."