ఎడమ పురి

మా అత్త వడికిన దారంలో ఉండలు పడితే తప్పు పత్తిదే. మా ఇంట్లో ఇది చట్టం. నేను ఎనిమిదో క్లాసు మధ్యలో బడి మానేసినదాన్ని, చట్టాలతో వాదించే చదువు నాకు లేదు. అందుకని పత్తి మార్చాను.

అసలు ఆమె చేతికి కదురు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మామయ్య ఈ హిందీవాళ్ల ఊరి ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక రెండేళ్లు ఇంట్లో మా అందరి మీదా షిఫ్టు ఇన్‌చార్జిగా పనిచేసి, ఒక వానాకాలం పోయాడు. అప్పట్నుంచీ అత్త గోడకేసి చూస్తూ కూర్చునేది. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఒకరోజు కావాలనే పప్పులో ఉప్పు వెయ్యకుండా పెట్టాను. తిట్టలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

చిన్నప్పుడు శ్రీకాకుళం దగ్గర వాళ్ల ఊళ్లో దారం వడికేదాన్నని ఆమె ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. మా ఆయన హథ్‌ఖోజ్ కార్ఖానాల్లో లేత్ మిషను మీద పనిచేస్తాడు. ఆయన్ని సతాయిస్తే ఒక ఇనపకడ్డీని సన్నగా తీసి, కింద బిళ్ల బిగించి కదురు చేసి తెచ్చాడు.

అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేటిరా? కదురా, క్రేను హుక్కా?"

నెలల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి తిట్టు అది. నేను వంటింట్లోకి పోయి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ తర్వాత ఆమెని ఆపినవాళ్లు లేరు. వాళ్ల ఊరి నుంచి ఎవరో తెచ్చిచ్చిన వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది. దాని పళ్లు అంత సన్నగా ఉంటాయి. పక్కింటి దీదీ ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. ఆ దవడ చేతిలోకి తీసుకుని ఎంత ముద్దుగా ఉందో ఈ దువ్వెన అని మురిసిపోతుంటే, తలలో పెట్టుకునేదాకా నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత దీదీ నాతో వారం మాట్లాడలేదు. అత్త మాత్రం రెండు రోజులు నవ్వింది.

ఈ చలికాలం ఆమె వేళ్లు వణకడం మొదలైంది. దారంలో మినపగింజలంత ఉండలు.

"ఈ పత్తి తలగడకి పుట్టిందే. దారానికి పనికిరాదు," అంది.

రైలుకట్ట పక్కన మందలు తోలుకుపోయేవాళ్ల దగ్గర గొర్రె ఉన్ని తెచ్చాను. ఉండలే. "పాపం, గొర్రెకి తిండి లేదు," అంది. తెలిసినావిడ చాంపా నుంచి కోసా అనే అడవిపట్టు పీచు తెచ్చి ఇచ్చింది. అందులోనూ ఉండలే. ఈసారి తప్పు పట్టుపురుగు బద్దకానిది. ఇక నాకు చిలిపితనం ముదిరింది. మా లైనులో ఒక రిటైర్డ్ అంకుల్ రోజూ సాయంత్రం తన తెల్ల కుక్కని దువ్వుతాడు. రాలిన బొచ్చు సంచీడు పోగేసి, షాంపూతో కడిగి ఆరబెట్టి, "కొండ గొర్రె ఉన్ని అత్తా, మెత్తన చూడు," అని చేతిలో పెట్టాను.

రెండు మూరలు వడికి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"వానొస్తే ఈ గొర్రె మొరుగుతాదే," అంది.

నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. ఆమె నవ్వడం లేదు. తన వేళ్లకేసి చూసుకుంటోంది.

"ఒలే, నాలుగు రకాలూ సెడ్డవే అవుతాయేటే?"

"లోకమే పాడైపోయింది అత్తా," అన్నాను. కదురు కిటికీలో పెట్టేసి గోడవైపు తిరిగింది.

మర్నాడు బతిమాలి మళ్లీ పత్తే ఆమె చేతికిచ్చి, ఆ రోజు నుంచే దొంగపని మొదలుపెట్టాను. మధ్యాహ్నం ఆమె కునుకు తీసేటప్పుడు, పొద్దున్న ఆమె వడికిన దారం విప్పేసి, నేను సన్నగా వడికింది ఆ కదురుకే చుట్టేదాన్ని. ఆమెని చూసి చూసి నేర్చుకున్న విద్యే. కాకపోతే నాది ఎడమచేతివాటం. బళ్లో మాస్టర్లు బెత్తంతో కూడా మార్చలేకపోయారు.

"సూసినావా, పత్తి దారికొచ్చింది!" అని అత్త దీదీకి కూడా చూపించుకుంది. నేను పళ్లు బిగబట్టి తలూపాను. పది రోజులు బాగానే సాగింది.

అప్పుడామెకి కొడుకు మఫ్లరు మీద మనసు పడింది. చలిలో బండి మీద పోతున్నాడు, రెండు పోగులు కలిపి పేని గట్టి దారం చేస్తానంది. నిరుడు వడికిన కండె ఒకటి, "ఈ మధ్య వడికింది" ఒకటి తీసింది. పేనేటప్పుడు కదురుని వడికిన వైపుకి ఎదురు తిప్పాలి. ఆమె తిప్పేకొద్దీ ఆమె పోగు మెత్తబడింది. ఎడమచేత్తో వడికిన నా పోగు అప్పటికే ఆ వైపు పురి ఎక్కి ఉంది. ఇంకా ఎక్కి, పందితోకల్లా మెలికలు పడి, టప్పున తెగింది.

అత్త తెగిన ముక్కని వేళ్ల మధ్య నలిపింది.

"ఈ ఇంట్లో ఎడంచేత్తో వడికినోలు ఎవులే?"

"నీ కొడుకేమో అత్తా."

"ఆడికి లుంగీ ముడే రాదు. నా దారమేదే?"

బియ్యం డబ్బా అడుగు నుంచి తీసి ఇచ్చాను. ఆమె దారం పొడుగునా వేళ్లతో తడుముతూ పోయింది. ఉండ తగిలినచోటల్లా ఆగింది. 

"నా సేతులు వణుకుతున్నాయని సెప్పడానికి నోరు రాలేదేటే? ఊరందరి సంగతులూ సెప్తావు గదా."

"చెప్తే మళ్లీ గోడకేసి కూర్చుంటావని," అన్నాను. మా ఇంట్లో నేను వంకర లేకుండా అన్న మొదటి మాట అదే కావచ్చు.

అత్త కదురు ఒళ్లోకి లాక్కుంది. తర్వాత తన ఉండల దారాన్నే రెండు కండెలు చేసి, రెండూ కలిపి పేనడం మొదలుపెట్టింది. ఒక పోగులో ఉండ రెండో పోగు సన్నబడినచోట వచ్చి కూర్చుంది. అన్నిచోట్లా కాదు. కొన్నిచోట్ల చింతగింజలా పైకి లేచే ఉంది. ఆమె పత్తిని ఏమీ అనలేదు.

"సెయ్యి వణికితే ఇలాగే వత్తాది. సుట్టుకుంటాడులే," అంది.

"మరి నా దారం?"

"కాకరపాదుకి కట్టుకో."

కట్టాను. పాదు నా పురి ఎటుందో చూడకుండానే ఎక్కింది. ఇప్పుడు అత్త రోజూ పెరట్లోకి వచ్చి, పక్కింటి దీదీకి కూడా వినిపించేలా కేకేస్తుంది: "ఒలే, కాయలన్నీ ఎడంపక్కకే కాస్తన్నాయి, సూడే!"