ఆల్చిప్ప కణాలు, దూడ సీరం

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, జీడిమెట్ల వ్యాక్సిన్ యూనిట్‌లో ఉన్న నన్ను హైటెక్ సిటీలోని ఒక చిన్న పరిశోధన సంస్థ కణాల పెంపకం విభాగానికి అధిపతిగా తీసుకుంది. వింత పని. మంచినీటి ఆల్చిప్పలో ముత్యాన్ని తయారుచేసే పలుచటి పొర నుంచి కణాలు తీసి డిష్‌లలో పెంచాలి. చేరిన కొద్ది నెలలకే ఒక శుక్రవారం సమీక్ష పెట్టారు. అప్పటికి డిష్ అడుగున అతుక్కున్న కణాలు చూపించకపోతే ప్రాజెక్టు మూతపడుతుంది, కాంట్రాక్టు మీదున్న మా ల్యాబ్ సహాయకురాలు మాధవి ఉద్యోగమూ పోతుంది.

కణాలకు పోషక ద్రవం ఒక్కటే చాలదు. దూడ రక్తం నుంచి తీసిన సీరం పదో వంతు కలపడం ఆనవాయితీ. అతుక్కోవడానికి, పెరగడానికి కావలసిన సరుకు అందులోనే ఉంటుంది. మా ఆల్చిప్ప కణాలు మాత్రం ముడుచుకుపోయాయి.

"ఆకలి తీరలేదేమోనండి, సీరం పెంచండి" అన్నారు డైరెక్టరు గారు. పెంచాం. ఇంకా ముడుచుకున్నాయి.

ఏ కొత్త కణాలు తెచ్చినా, పోల్చి చూసుకోవడానికి ఒక డిష్‌లో సీరం పోయకుండా, పోషక ద్రవం మాత్రమే పోసి పక్కన పెడతాం. దాన్ని పస్తు డిష్ అంటాం. గురువారం మాధవి దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి అరిచింది.

"సార్, జర చూడుండ్రి! తిండి పెట్టినయే చచ్చినయ్, పస్తున్నయి మంచిగున్నయ్!"

అతుక్కోలేదు గానీ నిండుగా, గుండ్రంగా ఉన్నాయి. అప్పుడు తట్టింది. మంచినీటి ఆల్చిప్ప ఒంట్లో ఉప్పు బహు తక్కువ, దూడ రక్తంలో దానికి ఎన్నో రెట్లు. పోషక ద్రవాన్ని ఆల్చిప్పకు తగ్గట్టు ముందే పలుచన చేశాం గానీ, సీరంతో పాటు ఉప్పూ పోస్తున్నామని తోచలేదు. పాపం, ఉప్పులో వేసిన దోసముక్కల్లా అయిపోయాయి. జీడిమెట్లలో పెంచినవన్నీ క్షీరదాల కణాలు, వాటికి ఆ ఉప్పు సరిపోయేది.

ఇక మిగిలింది ఆ పస్తు డిష్ ఒక్కటే.

"వద్దు సార్, గిట్లనే చూపిద్దాం. ఇవి గూడ పోతే నా సంగతేంది?" అంది మాధవి, డిష్‌కు చెయ్యి అడ్డం పెట్టి.

సీరం లేకుండా అవి అతుక్కోవని చెప్పాను. భయం నాకూ ఉంది. పోషక ద్రవాన్ని ఇంకా పలుచన చేసి, సీరం కలిపాక మొత్తం గాఢత ఆల్చిప్ప ఒంటి ద్రవంతో సమానమయ్యేదాకా కొలిచాను. మాధవే పోసింది, కళ్లు డిష్ మీంచి తిప్పలేదు.

శుక్రవారం పొద్దున సమీక్ష కమిటీ లిఫ్టులో పైకి వస్తుండగా చూశాం. కొన్ని అడుగున అతుక్కుని కాళ్లు చాపాయి. అన్నీ కాదు. కమిటీ సణిగింది, గడువు మాత్రం పొడిగించింది. మాధవి ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ కొత్త జీవి కణాలు వచ్చినా దాని ఒంటి ద్రవం కొలవనిదే సీరం సీసా మూత తీయనివ్వలేదు. సీరం తిండే, కానీ ఎవరి ఒంటికి సరిపడ్డ తిండో ముందు చూసుకోవాలి.