పార్కు స్థలంలో తెల్లరాళ్లు

మేం గుండ్లపోచంపల్లిలో ఇల్లు కట్టుకున్నప్పుడు కాలనీ పార్కు స్థలంలో పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవు. పిల్లలకు ఉయ్యాలలు పెట్టించమని ఏడాదిపాటు మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగాం. చివరికి నిధులు మంజూరయ్యాయన్నారు. నేను మాత్రం నమ్మలేదు.

ఒకరోజు పొద్దున్నే చూస్తే అక్కడ సున్నం వేసిన రాళ్లు నాలుగు పాతి ఉన్నాయి. మా వైపు ఖాళీ జాగాలో తెల్లరాళ్లు లేచాయంటే ఎవరో దాన్ని కాజేస్తున్నట్టే. ఒళ్లు మండిపోయి నాలుగూ పీకి మురికికాలువలో పడేశాను.

అంతలో ఒకాయన టేపు పట్టుకుని వచ్చాడు.

"కబ్జా చెయ్యడానికి నిన్నెవరు పంపారు?" అని అరిచాను.

"కబ్జా ఏంది మేడం? నేను అలియాబాద్ మేస్త్రీ యూసుఫ్‌ను. ఉయ్యాల ఖంబాలకు గుంతలు తియ్యాలని నిన్న పొద్దంత కొలిచి పాతిన" అంటూ కాంట్రాక్టర్ ఇచ్చిన కాగితాలు చూపించాడు. పైన మా కాలనీ దరఖాస్తు. దాని మీద మొదటి సంతకం నాదే!

తలెత్తలేకపోయాను. కాలువలో దిగి రాళ్లు తీసి, కడిగిచ్చాను. ఆయన మళ్లీ కొలిచి, మొదటి రాయి నా చేతికే ఇచ్చాడు.

"గీసారి మీరే పాతుండ్రి మేడం. ఇగ ఎవ్వలు పీకరు."

ఇప్పటికీ తెల్లరాయి కనిపిస్తే నాకు అనుమానమే. కాకపోతే, పీకేముందు అడుగుతున్నాను.