తప్పులన్నీ బాలమల్లు సారువే

బాలమల్లు సారుకు ఒక్కటే జబ్బు. లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనంటాడు.

మందమర్రి నుంచి బెల్లంపల్లి పోయే దారిలో ఒక సర్కారు హైస్కూలుకు ఆయన హెడ్మాస్టరు. వాన పడి ప్రార్థన ఆగిపోతే, "తప్పు నాదే, గొడుగు ఇంట్ల పెట్టొచ్చిన" అనేవాడు. మధ్యాహ్న భోజనం వండే శంకరవ్వ పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తే, "నేనే నీతోని ముచ్చట పెట్టిన గదవ్వా, నువ్వేం జేస్తవ్?" అని ఆ పప్పు రెండు గిన్నెలు తనే తాగాడు. ఒకసారి సూర్యగ్రహణం పడితే స్టాఫంతా ఆయన వైపే చూసింది.

లెక్కల టీచరు నర్మదకు ఈ మనిషిని చూస్తే ఏడుపొచ్చేది. కరీంనగర్‌లో ఆమె ఇదివరకు పనిచేసిన బడిలో హెడ్మాస్టరు దగ్గితే కోతులు కూడా వరుసలో నిలబడేవి. ఇక్కడ ఆలస్యంగా వచ్చిన టీచరుకు ఈయనే క్షమాపణ చెప్తాడు: "తప్పు మాదే, బడిని మీ ఇంటికి గంత దూరం కట్టినం."

"సార్, హెడ్మాస్టరంటే పులి లెక్క ఉండాలె. మీరేమో గంగిరెద్దు లెక్క తలూపుతుండ్రు. మీరు తిట్టకపోతే ఎవలింటరు?"

"నిజమే మేడం. తిట్టకపోవుడు తప్పే. నాదే."

నర్మద నెత్తి గోడకు కొట్టుకుందామనుకుంది. గోడ పెచ్చులూడితే దానికీ ఆయనే ఒప్పుకుంటాడని ఆగింది. ఈ బడికి దిక్కు లేదు, బాగుపడే దారీ లేదు అని ఆమె రోజూ ఇంటికి పోయేటప్పుడు బస్సు కిటికీకి చెప్పుకునేది.

ఇంతలో ఆమె మీదే పిడుగు పడింది. పదో తరగతిలో రోజారాణిలు ఇద్దరు. ఇంటిపేరూ ఒకటే. పరీక్షకు పోయే పిల్లల జాబితా తయారుచేసేటప్పుడు, ఒకే పేరు రెండుసార్లు పడిందనుకొని నర్మద ఒకటి కొట్టేసింది. పరీక్షకు పది రోజుల ముందు హాల్ టికెట్లు వచ్చాయి. పిల్లలు ముప్పై ఏడుగురు, టికెట్లు ముప్పై ఆరు.

"మేడం, నాది రాలే" అని ఖాళీ చెయ్యి చాపి నిలబడింది పొట్టి రోజారాణి. నర్మద గబగబా పాత జాబితా తీసి చూసుకుంది.

బాలమల్లు సారు అడ్మిషన్ రిజిస్టరు చంకలో పెట్టుకొని బస్సెక్కాడు. జిల్లా ఆఫీసు బెంచీ మీద నాలుగు రోజులు కూర్చున్నాడు. రెండో రోజుకే అక్కడి అటెండరు ఆయన్ను కొత్తగా వచ్చిన ఉద్యోగి అనుకొని ఫైళ్లు మోయించాడు. ఐదో రోజు హాల్ టికెట్‌తో తిరిగొచ్చాడు.

పిల్ల గండం గట్టెక్కింది గానీ, సంగతి పైదాకా పోయింది. విచారణకు శ్రీహరి అనే అధికారి వచ్చాడు. తప్పు చేసినవాళ్లకు సస్పెన్షన్ ఖాయమన్నారు. నర్మద ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే.

"ఎవలది తప్పు?" అన్నాడు శ్రీహరి.

"నాదే సార్" అన్నాడు బాలమల్లు.

శ్రీహరి నవ్వి, ఇటుకంత ఫైలు తీశాడు. "పోయినేడు బడిల కోతులు జొర్రితే మీదే అని రాసిచ్చిండ్రు. కరోనాకు బడులన్నీ మూస్తే గూడ మీదే అన్నరు. మీ ఒప్పుకోలు ఇగ చెల్లదు. అసలు మనిషిని చెప్పుండ్రి."

బాలమల్లు సారు మొహం పాలిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన తప్పును ఎవరూ కాదనలేదు.

నర్మద ఉండబట్టలేక లేచింది. "సార్, జాబితా చేసింది నేను. పేరు కొట్టేసింది నేను. తప్పు నాదే."

శ్రీహరి ఆమెను చూశాడు, ఆయన్ను చూశాడు, తల పట్టుకున్నాడు. "అయ్యో, మీకు గూడ అంటిందా మేడం?"

అప్పుడే చాయ్ పట్టుకొచ్చిన శంకరవ్వ గడపలో ఆగింది. "ఏ తప్పైతేంది సారూ, నాది గూడ జర రాసుకోండ్రి."

శ్రీహరి చాయ్ తాగలేదు. 'బాధ్యులు అవసరానికి మించి ఉన్నారు. ఒక్కరిని గుర్తించుట సాధ్యం కాలేదు. విద్యార్థినికి హాల్ టికెట్ అందినందున విచారణ ముగించడమైనది' అని రాసి జీపెక్కాడు.

నర్మద బాలమల్లు సారు వైపు తిరిగింది. "నేను నిజమే చెప్పిన సార్. నమ్మలే."

"ఎట్ల నమ్ముతడు మేడం? పన్నెండేండ్ల సంది ఆ ఆఫీసోళ్లను తయారుచేస్తున్న."

"అంటే... వాన, కోతులు, అన్నీ గిందుకేనా?"

"నా మొదటి బడిల గిట్లనే ఒక చిన్న తప్పుకు ఒక పంతులమ్మ నౌకరి పోయింది. పక్కనే నిలబడ్డ. నోరు లేవలే. అసలు తప్పు ఎప్పుడొస్తదో తెల్వదు గదా మేడం, నోటికి అలవాటుండాలె."

నర్మదకు ఏడుపు ముక్కుతోనే నవ్వొచ్చింది. "హెడ్మాస్టరు పని గిదేనా సార్?"

"ఏమో మేడం. పెత్తనం జేసేటోళ్లు బడికి నలుగురుంటరు. తిట్లు వడేటోని పోస్టే ఖాళీగ ఉండె. నేను జాయినైన."