నెత్సై పిల్లలు, నాకు దక్కిన కందనకాయ

మా మరదలు నెత్సై గురించి నేను చెబితే ఇంటి మనిషి గొప్పలు పోతోందంటారు. అననివ్వండి. చెప్పుకోవడానికి ఉన్నప్పుడు నోరు కట్టుకుని కూర్చోవడం ఈ ఎస్నాత్‌కి చేతకాదు.

మా భాషలో నెత్సై అంటే 'పీడించండి' అని. ఆమె పుట్టినప్పుడు వాళ్ల నాన్నకూ పొరుగువాళ్లకూ పశువుల మేత దగ్గర పెద్ద తగాదా. ఆ ఉక్రోషాన్ని కూతురి పేరులో పెట్టి, రోజూ పొద్దున్నే వాకిట్లో నిలబడి వాళ్లకు వినబడేలా గట్టిగా పిలిచేవాడట. పిల్ల మాత్రం ఎవరినీ పీడించే రకం కాదు. పొట్టి మనిషి, గొంతు పైకి లేవదు. మా తమ్ముడు జెఫన్యాను చేసుకుని క్వెక్వె పట్నంలో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టింది. వాడు బడిపంతులు, మా మెథడిస్టు సంఘంలో బోధకుడు కూడా. వాళ్లకు ముగ్గురు పిల్లలు. పెద్దది చియేజాకు ఏడేళ్లు, అనోతీదాకు నాలుగు, చంటిది కూడ్జై ఎప్పుడూ తల్లి వీపు మీదే.

ఆ ఏడాది డిసెంబరు సెలవులకు వాళ్లు గుటు వైపు పల్లెలో ఉన్న మా ఇంటికి వచ్చిన రోజే మా అమ్మ మనసులో మాట బయటపెట్టింది. చియేజాను ఇక తన దగ్గరే ఉంచేసుకుంటుందట. మా వైపు అదేమీ వింత కాదు, పెద్దపిల్లను నాయనమ్మ పెంచడం ఉన్నదే. కానీ మా అమ్మ అడిగిన తీరు ముద్దుగా అడిగినట్టు లేదు, నేరం మోపినట్టు ఉంది.

"పట్నంలో పెరిగే పిల్ల, పెద్దవాళ్ల ముందు మోకాలు వంచడం ఎవరు నేర్పుతారు దానికి? తల్లా? ఆ తల్లి ఇంతవరకు పిల్లల మీద చెయ్యెత్తడం నేను చూళ్లేదు. కొట్టని తల్లి ఏం పెంచుతుంది?"

నెత్సై తల వంచుకుని వేరుశెనగకాయలు ఒలుస్తూ ఉంది. కోడలు ఎదురు చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. కానీ ఒలిచిన గింజలు పొట్టులో వేసి, పొట్టు గిన్నెలో వేస్తోంది. పిల్ల ఎక్కడ చెయ్యి జారిపోతుందోనని ఆమె భయం నాకు ఇవతల నుంచే తెలుస్తోంది. మా తమ్ముడు సంఘంలో అంతసేపు ప్రసంగిస్తాడా, అమ్మ ముందు మాత్రం వాడికి మాటే రాదు.

చివరికి మా అమ్మే దారి చెప్పింది. సెలవులంతా జెఫన్యా బుహేరా వైపు చిన్న చిన్న సంఘాలకు తిరిగి వాక్యం చెప్పాలి, పెళ్లాం పిల్లలతో సహా బయలుదేరుతున్నాడు. "ఎస్నాత్, నువ్వూ వెళ్లు. దాని పెంపకం నీ కళ్లతో చూసిరా. వాడి పిల్లలకి నువ్వు ఆడ నాన్నవి. నువ్వేమంటే అదే తీర్పు" అంది.

మేనత్తను మా వాళ్లందరూ ఆడ నాన్న అనే అంటారు. పెళ్లిళ్లు కుదిర్చేది మేం, తగాదాలు తీర్చేది మేం. నేను భర్త పోయాక పుట్టింటి ఆవరణలోనే గుడిసె వేసుకుని ఉంటున్నాను. ఎక్కడికి రమ్మన్నా దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంటే చాలు. పైగా తప్పులు వెతకడంలో నాకు మంచి పేరుంది. సరేనన్నాను.

మొదటి బస్సులోనే పని మొదలుపెట్టాను. మాకు డిసెంబరే వేసవి, వేసవంటే వానలు. బస్సు కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే జల్లు. దారిలో అడవిలో కాసే మజాంజె పళ్లు కొన్నాం. బస్సులో అందరూ పళ్లు చప్పరించి గింజలు కాళ్ల దగ్గరే ఊస్తుంటే, నెత్సై ఒక ఖాళీ డబ్బా తీసి పిల్లల మధ్య పెట్టింది. కాసేపటికి అనోతీదా ఆ డబ్బా పట్టుకుని బస్సంతా తిరుగుతూ, ముసలివాళ్ల ముందు మోకాలు వంచి, "మీ గింజలు ఇందులో వెయ్యండి తాతా" అంటున్నాడు. దిగేటప్పుడు ఎవరన్నా జారిపడతారని వాళ్లమ్మ చెప్పిందట. మోకాలు వంచడం వీడికి బాగానే వచ్చు అనుకున్నాను.

నోరు మాత్రం ఊరుకోదు వాడిది.

"అత్తా, దేవుడు మెథడిస్టేనా?"

"మరి కాక?"

"అయితే ఆదివారం ఆయన ఎవరి ప్రసంగం వింటాడు?"

టిక్కెట్లు కొట్టే అబ్బాయి పగలబడి నవ్వాడు. "మా సంఘానికి వస్తాడు బాబూ, మీ నాన్న మరీ సాగదీస్తాడు" అన్నాడు. నెత్సై కూడా చంటిదాన్ని వీపుకు కట్టుకున్న గుడ్డ కొస నోట్లో కుక్కుకుని నవ్వింది. పిల్లవాడు ఇలా ప్రశ్నలేస్తుంటే ఊరుకోవడం ఒక తప్పు అని మనసులో రాసుకున్నాను.

రెండో తప్పు మురంబిండ దాటాక దొరికింది. బస్సు బురదలో దిగబడింది. అందరం దిగాం. నెత్సై తన సంఘం బట్టలు, అంటే మా సంఘం ఆడవాళ్లు వేసుకునే ఎర్ర జాకెట్టూ తెల్ల టోపీ, మూట కట్టి చియేజా నెత్తిన పెట్టింది. పాత లంగా పైకి దోపి, వీపు మీద చంటిదానితోనే మగవాళ్ల పక్కన నిలబడి బస్సు తోసింది. చియేజా ఆ మూటను బురద చుక్క పడకుండా గట్టు మీదికి మోసుకుపోయింది. అనోతీదా మాత్రం ఉన్నట్టుండి బురదలో కూలబడి, "నేను రాను, ఇంటికి పోదాం" అని ఏడుపు లంకించుకున్నాడు.

"ఒక్కటి పెట్టు వీపు మీద, వాడే లేస్తాడు" అన్నాను.

"పెడతాను వదినగారూ. ముందు వాడేమంటాడో విని పెడతాను" అని వాడి ఎదురుగా గొంతు కూర్చుంది. బస్సు హారన్ కొడుతోంది. నాకు ఒళ్లు మండిపోతోంది. ఆమె అలా కూర్చునే ఉంది. వాడు ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, చివరికి చెప్పాడు. నాయనమ్మ అక్కని ఉంచేసుకుంటుందనీ, తమ ఇంటికి పోతే ఎవరూ ఉంచుకోలేరనీ వాడి లెక్క.

నెత్సై వాడిని కొట్టలేదు. చేతుల్లో ఉన్న బురదతోనే వాడి మొహం తుడవబోయి, ఇంకాస్త పూసి, ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారు. నేను వెళ్లి నా సీట్లో కూర్చున్నాను. ఆ రోజు తప్పులు వెతకాలనిపించలేదు.

అలా ఊరూరా తిరిగాం. ఒక చోట బడిలో పడక, ఒక చోట కూలిన కప్పు కింద. ఎక్కడికి వెళ్లినా ముందు నీళ్లెక్కడ అని అడిగేది చియేజా. చెప్పించుకోకుండా బిందె ఎత్తేది. పాటల పుస్తకం చదువుతూ నడిచి ఒకసారి మేకను గుద్దుకుంది, అది వేరే సంగతి. జెఫన్యా ప్రసంగం మరీ సాగితే నెత్సై వెనక బెంచీ నుంచి మెల్లగా పాట ఎత్తుకునేది. ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు. వాడికి 'ఆమేన్' అనక తప్పేది కాదు. అందరూ ఆమె భక్తిని మెచ్చుకునేవాళ్లు. ఆ భక్తి ఏమిటో నాకొక్కదానికే తెలుసు.

చివరి వారం న్యాజ్వీజీ ఏటి ఒడ్డున ఓబేదు అనే ముసలాయన ఇంట్లో దిగాం. ఆయన తల్లి మా సింహం వంశపు పడుచు. అంటే మా మగవాళ్లందరూ ఆయనకు మేనమామలే, వయసుతో పనిలేదు. నాకు తండ్రిలాంటి వయసున్న ఆయన నన్ను "పిన్నీ" అనడం మొదలుపెట్టాడు. ఏటి అవతల ఎవరో పోయారని కబురొస్తే జెఫన్యా సైకిలు అరువు తీసుకుని బయలుదేరాడు. వాడు వెళ్లేముందు నెత్సై పిల్లల్ని నిలబెట్టి, "నాన్న వచ్చేదాకా అత్తే మీ నాన్న. తెలిసిందా?" అంది. అందరూ అనే మాటేగా అని నేను పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికి ఏరు పొంగి వంతెన మునిగింది. జెఫన్యా అవతల ఒడ్డునే ఉండిపోయాడు. ఇవతల ఓబేదు మా కోసం నాటుకోడి కోయించాడు. మొక్కజొన్న సంకటి పెట్టారు, చియేజా మోకాళ్ల మీద కూర్చుని అందరి చేతులకూ నీళ్లు పోసింది. అప్పుడు ఓబేదు పెళ్లాం కందనకాయ పట్టుకుని ఆగిపోయింది. అది ఇంటి మగవాడిది. మామ ఇంట్లో ఉంటే మామది. మామ అవతలి ఒడ్డున ఉన్నాడు.

ఓబేదు గడ్డం గోక్కుని, అనోతీదా ముందు గొంతు కూర్చుని, పెద్దవాళ్లకు చేసినట్టు మర్యాదగా అరచేతులు చప్పుడయ్యేలా తట్టాడు.

"మామా, మా అమ్మ వంశపు పెద్దవి ఇవాళ నువ్వే ఉన్నావు. తిను."

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. రెండు చేతులూ చాపి అందుకున్నాడు. దాన్ని అటూ ఇటూ చూశాడు, మమ్మల్నందరినీ చూశాడు, లేచి చాప దాటి వచ్చి నా ముందు మోకాలు వంచాడు.

"ఇది నాన్నది. నాన్న లేడు కదా. నువ్వే కదా నాన్నవి."

ఆడది కందనకాయ తినడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు, నేనూ చూడలేదు. వాళ్లమ్మ నేర్పించిందేమోనని నెత్సై వైపు తిరిగాను. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. సగం లేచి, "బాబూ, అలా కాదు, తాతకి తిరిగిచ్చెయ్యి" అంటోంది. చియేజా ఇక చెయ్యి జారినట్టేనని ఆ క్షణంలో అనుకుని ఉంటుంది. పరాయి ఇంట్లో పరువు తీసే కొడుకును పెంచిందని ఆడపడుచు ఊరంతా చెప్పదూ?

"ఎందుకు కాదు?" అన్నాడు వాడు. "నువ్వే చెప్పావు."

ఓబేదు నన్ను చూశాడు, వాడిని చూశాడు. "మామ మాట అయిపోయింది పిన్నీ. మేనల్లుణ్ణి, నేనేం కాదంటాను?" అన్నాడు.

తిన్నాను. పదేళ్ల పిల్లనప్పటి నుంచి కోళ్లు కోసిన చేతులివి. కందనకాయ చీల్చి, లోపలి ఇసుక కడిగి, పసుపుపచ్చ పొర ఒలిచి, వండి మగవాళ్ల పళ్లెంలో పెట్టాను. నోట్లో పెట్టుకోవడం అదే మొదటిసారి. గట్టిగా ఉంది. ఇందుకేనా వీళ్లు ఇన్నాళ్లూ దాచుకు తిన్నది అనుకుంటూనే ఏడ్చాను. ఆడ నాన్న, ఆడ నాన్న అని పుట్టినప్పటి నుంచి అందరి నోటా వింటున్నాను. ఆ మాట నిజమని నమ్మిన మనిషి ఈ నాలుగేళ్లవాడొక్కడే. మాటంటే మాటేనని నమ్మేలా వాడిని పెంచింది ఈ పొట్టి మరదలు.

ఏరు తగ్గాక జెఫన్యా వచ్చాడు. గుటుకు తిరిగొచ్చాం. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. మా అమ్మ కోడి కోసింది. భోజనాల దగ్గర నెత్సై చేతులకు నీళ్లు పోస్తుంటే అమ్మ నా వైపు తిరిగింది.

"చూసొచ్చావుగా. చెప్పు. పిల్లని ఉంచేసుకుందామా?"

నెత్సై చేతిలో చెంబు గాలిలోనే ఆగిపోయింది.

"చెబుతాను. ముందు ఆ కందనకాయ ఇటు వెయ్యి" అన్నాను.

"నీకు మతి గానీ పోయిందా? అది జెఫన్యాది."

"తీర్పు చెప్పడానికి నాన్ననీ, తినడానికి ఆడదాన్నీనా? ఏదో ఒకటి తేల్చమ్మా. నేను నాన్నని కాకపోతే నా తీర్పూ చెల్లదు."

జెఫన్యా అమ్మ ముందు ఆ రోజు మొదటిసారి నోరు తెరిచాడు. "పెట్టమ్మా అక్కకి" అని మళ్లీ మూసుకున్నాడు.

అమ్మ నా పళ్లెంలో వేసింది, వేసినట్టు కాదు, విసిరినట్టు. నేను తాపీగా సగం కొరికి, నమిలి, అప్పుడు చెప్పాను. "ముగ్గురూ తల్లి దగ్గరే పెరుగుతారు. కొట్టకుండా మనిషిని చెయ్యొచ్చని నేను చూసొచ్చాను. ఇంకెవరి పెంపకమైనా ఇంత బాగుంటుందని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపించు."

అమ్మ నిప్పులోకి కట్టె ఎగదోసింది. ఎనభై ఏళ్ల మనిషి. ఆమె కోపం ఎటు తిరుగుతుందో నాక్కూడా తెలీదు. చివరికి నా పళ్లెంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎలా ఉంటుందే అది?"

మిగిలిన దానిలో ముక్క తుంచి పెట్టాను. పళ్లు లేని నోట్లో అటు తిప్పి ఇటు తిప్పి, మింగింది. ఆఖరి ముక్క నా పళ్లెంలోంచి తనే తీసుకుని, "ఏమే, ఇలా రా" అని నెత్సైని పిలిచి అరచేతిలో పెట్టింది. నెత్సై రెండు చేతులూ దోసిలి పట్టి అందుకుంది. నోట్లో పెట్టుకుంది గానీ నమలలేకపోయింది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

చియేజా నాయనమ్మ ముందు మోకాలు వంచి చెయ్యి చాపింది. "మరి నాకు?"

"నీకు మీ అమ్మ పెడుతుంది" అంది మా అమ్మ. "మీ ఇంటికి పోయి తిను."