ముందే వేలిముద్ర పడ్డ కాగితాలు

2004 ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, ఒక సోమవారం ఉదయం పదింబావుకు నా తెలుగు టైపు మిషన్‌కు కొత్త రిబ్బన్ ఎక్కించాను. నిజామాబాద్ కలెక్టరేట్ గేటు పక్కన, రేకుల కింద, అర్జీలు రాసి టైపు చేసి ఇచ్చేవాళ్ళం అప్పుడు ముగ్గురం ఉండేవాళ్ళం. అందులో నేనే పాతవాణ్ణి.

అర్జీలో విషయమేమిటో ఒక్క వరుసలో చెప్పేదాన్ని సబ్జెక్టు అంటాం. చివర కోరేదాన్ని ప్రేయర్ అంటాం. ఈ రెండూ నా దగ్గర తయారుగానే ఉండేవి. పేరు, ఊరు మారిస్తే చాలు. ఇంకో అలవాటు కూడా ఉండేది. దూరం ఊళ్ళవాళ్ళు మళ్ళీ మళ్ళీ రాలేరని అర్జీ తెచ్చే పెద్దమనుషులు తెల్లకాగితాల అడుగున ముందే వాళ్ళ వేలిముద్రలు తీసుకునేవాళ్ళు. పైన మేటర్ తర్వాత మేం కొట్టేవాళ్ళం. అందరూ చేసే పని కాబట్టి తప్పనిపించలేదు.

ఆ రోజు అలాంటి కాగితాల కట్టతో బోధన్ నుంచి రాజేశం సార్ వచ్చాడు. రిటైరైన టీచర్. ఆయన కొడుక్కు ఆటిజం. బోధన్, కోటగిరి వైపు అలాంటి పిల్లలున్న ఇళ్ళన్నీ తిరిగి తల్లిదండ్రులను పోగు చేశాడు. మాకు తెలిసిన సర్టిఫికెట్లలో అప్పుడు ఆటిజం అనే మాట ఉండేది కాదు. డాక్టర్లు బుద్ధిమాంద్యం అని రాసి పంపేవాళ్ళు. ఆ పేరు చేర్చాలని ఆయన పోరాటం. పోటీలో ఉన్న ఒక నాయకుడు ఆ రోజే మధ్యాహ్నం మూడింటికి గంజ్ మార్కెట్ దగ్గర సభలో వినతిపత్రం తీసుకుంటానన్నాడు.

ఆయన వెంట బీడీలు చేసే గంగవ్వ, ఆమె కూతురు సుజాత వచ్చారు. సుజాతకు ఇరవై ఆరేళ్ళు. ఆమెకూ ఆటిజమే. కట్టలో పై కాగితం మీద నేను టైపు కొట్టడం మొదలుపెట్టగానే చెవులు మూసుకొని బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది.

"మిషన్ సప్పుడు పడదు దానికి," అంది గంగవ్వ.

రాజేశం సార్ సర్టిఫికెట్ సంగతి చెప్పాడు. మిగిలింది అలవాటు ప్రకారం నేనే నింపాను. మధ్యలో "వీరు తమ గోడు తాము చెప్పుకోలేరు" అని. ప్రేయర్‌లో "దయతో వీరిని వసతి గృహంలో చేర్చుకొని ఆదుకోగలరు" అని. ఆయన చూసి బాగుందన్నాడు.

మిషన్ ఆగాక సుజాత లోపలికి వచ్చింది. కాగితం తీసుకొని, అక్షరాల కింద వేలు జరుపుకుంటూ మొత్తం చదివింది. చాలాసేపు పట్టింది.

"'వీరు తమ గోడు తాము చెప్పుకోలేరు,'" అని పైకి చదివింది. ఎవరి వైపూ చూడకుండా, "నేను చెప్తున్న," అంది.

రాజేశం సార్ నవ్వాడు. "అది నీ ఒక్కదాని గురించి గాదు బిడ్డా. అందర్ని కలిపి రాస్తరు."

"కింద నా వేలిముద్ర ఉన్నది. నాకు సంతకం వస్తది."

"తొందరల పెట్టించిన."

"వసతి గృహం ఎవలికి?"

గంగవ్వ జవాబిచ్చింది. "నీ అసుంటోళ్ళకేనే. నేను సచ్చినంక నిన్నెవలు సూస్తరు?"

"నన్ను అడగలే. నేను పోను. మనింట్లనే ఉంట." కాగితం బల్ల మీద పెట్టి దాని మీద అరచెయ్యి ఆనించింది. తియ్యలేదు.

"యాల్లయితున్నది బిడ్డా. ఒట్టి కాగితమే గది. నిన్ను ఇప్పుడెవలు తీస్కపోతున్నరు?" అన్నాడు రాజేశం సార్.

ఒట్టి కాగితం కాదని నాకు తెలుసు. ఆ ప్రేయర్ నేను మొదటిసారి కొట్టింది మా తమ్ముడు నర్సింలు కోసం, అప్పటికి పద్దెనిమిదేళ్ళ కింద. వాడు మనుషులతో చాలా తక్కువ మాట్లాడేవాడు. ఆటిజం అనే మాట మాకు అప్పుడు తెలియదు. వాడిది అదేనో కాదో ఇప్పుడు చెప్పలేను. వాడి బొటనవేలు నేనే పట్టి తెల్లకాగితం మీద అద్దాను. దూరంగా ఒక వసతి గృహంలో చేర్చుకున్నారు. మూడో ఏడు జ్వరంతో పోయాడు. పోతావా అని వాణ్ణి నేను అడగలేదు.

ఇదంతా అక్కడ చెప్పలేదు. "తప్పు నాది సార్. ఆ రెండు మాటలు మీరు చెప్పలే, నేనే రాసిన. కొత్త కాగితం మీద రాస్త," అన్నాను.

"కొత్తదంటే ఈ వేలిముద్రలు ఏం గావాలె? గిన్ని ఊర్లు తిరిగిన."

"వాళ్ళను అడిగిండ్రా?" అంది సుజాత.

ఆయన కట్ట వైపు చూశాడు. "ముగ్గురితోని పోతే నాయకుడు మొకం సూస్తడా?" అన్నాడు, మాలో ఎవరితోనూ కాదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సరే. ఏం రాయాలె, చెప్పు."

మిషన్ పక్కకు పెట్టి చేత్తో రాశాను, చప్పుడు లేకుంటే సుజాత దగ్గరే కూర్చుంటుందని. ఆమె ఆగి ఆగి చెప్పింది. సర్టిఫికెట్‌లో ఆటిజం అని రాయాలి. ఎక్కడ ఉంటామో మమ్మల్ని అడగాలి. ఆటిజం మీద మీటింగు పెడితే మాకు కుర్చీ వెయ్యాలి.

"కుర్చీ అని ఎవలన్న రాస్తరా? ప్రాతినిధ్యం అని రాయన్నా," అన్నాడు సార్.

"కుర్చీ," అంది సుజాత.

కుర్చీ అనే రాశాను. గంగవ్వకు చదువు రాదు, రెండుసార్లు చదివి వినిపించాను. "నేను పోయినంక గూడ దీన్ని అడుగుతరా?" అంది.

"నువ్వు ఇప్పటిసంది అడుగు," అంది సుజాత.

గంగవ్వ నవ్వాపుకొని వేలిముద్ర వేసింది. సుజాత, రాజేశం సార్ సంతకాలు పెట్టారు.

నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. సభలో మైకు చప్పుడుకు సుజాత దగ్గరికి రాలేదు. గంజ్ చివర ఒక దుకాణం నీడన నిలబడింది. నాయకుడు కాగితం తిప్పి చూశాడు. "ముగ్గురేనా మాస్టారూ?"

"సదివి, ఇని పెట్టినోళ్ళం ముగ్గురం సార్. తతిమ్మోళ్ళను ఇంక అడగాలె."

నాయకుడు తలూపి కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఆ పేరు సర్టిఫికెట్‌లోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నాకు గుర్తున్నది బస్టాండు. బోధన్ బస్సు ఎక్కబోతూ సుజాత మెట్టు దగ్గర ఆగింది. "ఇంటికే గదా?"

"ఇంటికేనే, ఎక్కు," అంది గంగవ్వ.

బస్సు కదిలాక గుండె తేలికైంది. నర్సింలు విషయంలో కాదు, సుజాత విషయంలో.

రాజేశం సార్ మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాడు, ఈసారి ముందే మేటర్ రాసిన కాగితంతో. విన్నాక కొందరు వేలిముద్ర పెట్టలేదు. ఆయన మీటింగుల్లో మైకుకు దూరంగా ఒక కుర్చీ వేయించడం తర్వాత చాలాసార్లు చూశాను. అందులో సుజాత కూర్చునేది. ఈ పనిలో నేను నేర్చుకున్నది చిన్నదే: ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ళకు ముందు చదివి వినిపించాలి. తెల్లకాగితం మీద వేలిముద్ర నా బల్ల దగ్గర ఇప్పుడు తీసుకోవడం లేదు.