ఇత్తడి చక్రం మీద కుంకుమ

ఇప్పుడు సర్వో అంటున్నారు. యాభైల చివర్లో, తిరువూరులో, మాకు ఆ మాట తెలియదు. రేడియోతో నడిచే బొమ్మ విమానంలో, నేల మీద మీట నొక్కగానే తోక దగ్గరి చుక్కానిని తిప్పే చిన్న యంత్రాన్ని మేం తిప్పుడుమర అనేవాళ్లం. ఆ మరను ఎంచింది నేను, బిగించింది నేను, దాని మూలంగా మాట పడ్డదీ నేనే. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మాది బియ్యం మిల్లు. ఇల్లూ మిల్లూ ఒకే ఆవరణలో ఉండేవి, మధ్యలో పిట్టగోడ. కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న అన్నయ్య దసరా సెలవులకి వస్తూ సగం కట్టిన విమానం, ఒక బుల్లి డీజిల్ ఇంజను, లైసెన్సుతో సహా రేడియో పెట్టె తెచ్చాడు. నేను స్కూలు ఫైనల్లో ఉన్నాను. కాలేజీకి పంపమని నాన్నగారి వెంటపడి అప్పటికి ఆరు నెలలు. తోక పని నేను చూస్తానని అన్నయ్యతో అంటుంటే విని ఆయన నవ్వారు.

“ఇది చెప్పినట్టు తిరిగి దిగిందనుకో, నిన్నూ విజయవాడలో చేర్పిస్తానమ్మా. దిగకపోతే ఇంక ఆ ఊసెత్తకూడదు.”

ఆయనకది వేళాకోళం. నాకు మాత్రం కనబడుతున్న దారి అదొక్కటే.

అన్నయ్య మద్రాసు నుంచి మోటారున్న మర తెప్పించాడు. సీమ సరుకు, అట్టపెట్టె, లోపల మెత్తటి కాగితం. దాన్ని చూసుకుని మురిసిపోవడమే గాని బరువెంతో చూడలేదు. నేను ఏలకులు తూచే చిన్న త్రాసులో వేశాను. మరా, దానికి వేరేగా కావలసిన బ్యాటరీలూ కలిస్తే ఇంజను కంటే ఎక్కువ తూగాయి. బిగించి చూస్తే తోక వాలిపోయింది.

“ముక్కులో సీసం పెడదాం” అన్నాడు.

తోకలో మోటారు, ముక్కులో సీసం పెట్టుకుంటూ పోతే రెక్కలు ఎంతని మోస్తాయని అడిగాను. వాదించడం బాగా నేర్చావన్నాడు. ఇంజనీరింగు చదువుతున్న మనిషి ఇచ్చిన జవాబు అది.

అందుకని రబ్బరుతో నడిచే మర నేనే చేశాను. మిల్లు ఆఫీసులో మూలపడ్డ కరెంటు గంటలోంచి తీగచుట్ట తీశాను. పాత గోడగడియారంలోని ఇత్తడి చక్రాన్ని ఆకురాయితో అరగదీసి నాలుగే పళ్లు ఉంచాను. సన్నగా కోసిన సైకిలు ట్యూబును మెలిపెట్టి తగిలిస్తే ఆ మెలి చక్రాన్ని తిప్పబోతుంది, ఒక ఇనుప నాలుక పంటికి అడ్డుపడి ఆపుతుంది. మీట నొక్కితే తీగచుట్ట ఆ నాలుకను లాగుతుంది, చక్రం ఒక పన్ను జరుగుతుంది, చుక్కాని పక్కకి పోతుంది. మీట వదిలితే ఇంకో పన్ను, చుక్కాని తిన్నగా వస్తుంది. రబ్బరు అతుక్కుపోకుండా ఆముదం రాశాను. చుక్కాని మరీ ఎక్కువ కదిలితే విమానం సుడి తిరిగి పడుతుందని, గోరంత మాత్రమే కదిలేలా, చక్రాన్నీ చుక్కానినీ కలిపే తీగను వంచాను. ఇంజను అదురుకి పళ్లు జారతాయేమోనని, ఇంజను నడుస్తుండగా వందసార్లు మీట నొక్కించాను. ఒక్కసారి కూడా తప్పలేదు. అప్పటికి అన్నయ్య దిగొచ్చి తన మరను అట్టపెట్టెలో పెట్టేశాడు.

మహర్నవమి పొద్దున్నే నేను బయట చేరాను. మూడు రోజులు దేన్నీ ముట్టుకోకుండా పెరటి పాకలో ఉండాలి. మధ్యాహ్నం మిల్లులో ఆయుధపూజ. ఇంజనుకీ బెల్టు చక్రాలకీ కాటాకీ నాన్నగారే గంధం, కుంకుమ పెడతారు. ఆ పని ఇంకెవరినీ చేయనివ్వరు. విమానాన్ని కూడా వరసలో పెట్టారని అమ్మ దూరం నుంచే చెప్పింది. రెక్కల మీద బొట్టు పెడతారు కాబోలు అనుకున్నాను.

మర్నాడు దశమి. మిల్లు వెనక ధాన్యం ఆరబోసే కళ్లంలో చుట్టాలంతా చేరారు. నేను పిట్టగోడ ఇవతల నుంచే అన్నయ్యను పిలిచాను.

“ఎగరేసే ముందు ఒక్కసారి మీట నొక్కి చుక్కాని చూడన్నయ్యా.”

“ముహూర్తం దాటిపోద్దే. నిన్న చూశాంగా” అన్నాడు.

నిన్న కాదు, మొన్న చూశాం. ఒక్క మీట నొక్కడానికి ఎంతసేపు పడుతుంది?

విమానం లేచి మిల్లు పొగగొట్టం దాటింది. అన్నయ్య మీట నొక్కాడు. ఎడమకి తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. మీట వదిలాడు. అది తిన్నగా రాలేదు. మళ్లీ మళ్లీ నొక్కాడు. ఎడమకే తిరుగుతూ, చుట్టు చిన్నదవుతూ, చివరికి ఊకగుట్టలో ముక్కు దిగబడి ఆగింది.

“చక్రం పట్టేసింది. సీమది పెడదామంటే వింటేగా” అన్నాడు అన్నయ్య.

“ఆడపిల్ల చేతికిస్తే అంతే” అన్నారు నాన్నగారు.

మా మేనత్త ఇంకో మాట చేర్చింది. “బయటుండి ముట్టుకుందేమో, అడగండి.”

అది విన్నాక నాకు మైలా లేదు, మడీ లేదు. గోడ దూకి వెళ్లి ఊకలోంచి విమానాన్ని లాగి, తోకలో మర మీది మూత విప్పాను. చక్రం పళ్ల మధ్య ఎండిన గంధం, దాని మీద కుంకుమ. ఇనుప నాలుక అందులో కూరుకుపోయి ఉంది. యంత్రానికి ఆయువుపట్టు ఎక్కడుందో వెతికి, మూత తీసి మరీ బొట్టు పెట్టారు. వెడల్పాటి బొటనవేలి గీతలు గంధంలో అచ్చు పడి ఉన్నాయి.

“ఇది నేను పెట్టింది కాదు నాన్నగారూ. మీరే చూడండి.”

ఆయన వంగి చూశారు. పోల్చుకున్నారు. ఆ సంగతి ఆయన ముఖంలోనే తెలిసింది. ఉత్తరీయం కొసతో ఆ చక్రాన్ని, పంటి సందులతో సహా, శుభ్రంగా తుడిచారు.

“నువ్వు ముట్టుకోకూడదమ్మా. పాకలోకి వెళ్లు.”

అన్నయ్య ఊరికే మీట నొక్కి చూశాడు. చుక్కాని గోరంత కదిలింది. వదిలాడు, తిన్నగా వచ్చింది. కళ్లంలో ఉన్నవాళ్లంతా చూశారు. నన్ను కాలేజీలో చేర్పించలేదు.